కాపురం ముందా, గుడి ముందా?

ఊరు మారే సంసారి ఎవరైనా ముందు నాలుగు సంగతులు అడుగుతాడు. అద్దె ఎంత? నీళ్ళు ఎట్లా? పిల్లల బడి ఎంత దూరం? చేతికి పని దొరుకుతుందా? ఈ నాలిగింటికీ జవాబు చెప్పగలిగితే మన సంఘం పెద్దలు తమ పని అయిందనుకుంటారు. కాని ఐదో ప్రశ్న అడిగేవాడు ఒకడు అప్పుడప్పుడు వస్తాడు. “ఇక్కడ నలుగురం కూచుని దేవుణ్ణి తలుచుకోవడానికి చోటుందా? లేకపోతే మేమే ఒకటి మొదలుపెడతాం” అంటాడు. వాడికేం చెప్పాలో మనకు తోచదు.

ఈమధ్య అటువంటి ప్రస్తావన ఒకటి మన వాళ్ళ మధ్య నలిగింది. పర్లాకిమిడి వైపు పల్లె నుంచి ఒక క్రైస్తవ కుటుంబం, ఆలుమగలూ ముగ్గురు పిల్లలూ, బరంపురం వచ్చి అద్దె ఇంట్లో తెలుగు ప్రార్థన సంఘం ఒకటి పెట్టాలని అనుకుంటున్నారట. విన్నవాళ్ళు మూడు విధాలుగా మాట్లాడారు. “మన మతం కానిది మనకెందుకు?” అన్నవారు కొందరు. “ఊళ్ళో చర్చీలు లేవనా ఇంకొకటి?” అన్నవారు కొందరు. “జీతం లేదు, నాతం లేదు, పిల్లల్ని వీధిన పడేస్తాడా?” అని ఆ ఇల్లాలి పక్షాన బాధపడినవారు కొందరు. మూడో మాట అన్నవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. మా మనసుకు పట్టిన మాటా అదే.

ఈ ముగ్గురికీ జవాబు మన గంజాం మట్టిలోనే దొరుకుతుంది. ఇటువంటి కుటుంబాలు ఈ దారిన రెండు వందల ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నాయి. వాళ్ళకు ఏం దక్కిందో, ఏం పోయిందో ఒకసారి లెక్క చూసుకుంటే మంచిది.

ముందు మన ఇంటి సంగతి చెప్పుకుందాం. బరంపురం పట్టు నేసే దేరా వారు ఎవరు? రాజమహేంద్రవరం వైపు నుంచి మగ్గాలు మోసుకుని వచ్చిన తెలుగు నేతగాళ్ళు. మహురీ ప్రభువులు పిలిపించి చోటు ఇచ్చారని పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. వాళ్ళు వచ్చి మగ్గంతోనే ఊరుకున్నారా? బుఢీ ఠాకురాణిని కొలుచుకున్నారు. రెండేళ్ళకొకమారు జరిగే ఠాకురాణి యాత్రలో అమ్మవారు దేశీబెహరా వీధికి ఎవరిలాగ వస్తుంది? పుట్టింటికి వచ్చే ఆడపడుచులాగ వస్తుంది. ఆ వీధిలో తాత్కాలికంగా గుడి వేసి, ఆమెను కూతురిలాగ నిలుపుకుని, రాత్రిళ్ళు ఘటాలతో ఊరేగించి, మళ్ళీ అత్తవారింటికి పంపినట్టు సాగనంపుతారు. పరాయి ఊరిలో కాపురం పెట్టినవాళ్ళు దేవతను తమ ఇంటి ఆడపడుచు చేసుకున్నారు. ఈనాడు ఆ యాత్ర నేతవారిది మాత్రమే కాదు, ఊరందరిదీ. అందుచేత వలస వచ్చినవాడు గుడి పెట్టుకోవడం మనకు కొత్త కాదు. “మనకెందుకు?” అనే హక్కు బరంపురం తెలుగువాళ్ళకు అందరికంటె తక్కువ.

ఇక క్రైస్తవుల సంగతి. తెలుగుదేశంలో లండను మిషనరీలు 1805లో విశాఖపట్నంలో దిగారు. అక్కడి నుంచి విలియం లీ అనే ఆయన 1813లో గంజాం పట్టణానికి వచ్చి పని మొదలుపెట్టాడు. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ గంజాం అప్పుడు కోటా, కచేరీలూ, ఓడలూ ఉన్న పెద్ద పట్టణం, జిల్లాకే పేరు పెట్టిన ఊరు. ఆయన వచ్చిన కొద్ది ఏళ్ళకే అక్కడ విషజ్వరాలు చెలరేగాయి. జనం చచ్చినవాళ్ళు చావగా, మిగిలినవాళ్ళు లేచిపోయారు. జిల్లా కచేరీలు కూడా ఆ ఊరు విడిచాయి. తరువాత ఛత్రపురమూ బరంపురమూ పైకి వచ్చాయి. లీగారు కూడా 1817లో వెళ్ళిపోయాడు. కోటకూ కచేరీకీ దక్కని బతుకు ఒక ప్రార్థన సంఘానికి దక్కుతుందా? కొత్త గుడి పెట్టేవాడి భక్తి ఎంత గట్టిదైనా, ఊరి నీళ్ళూ గాలీ మంచివి కాకపోతే లాభం లేదు. మనం మొదట అడిగే నాలుగు ప్రశ్నలు తీసిపారేసేవి కావని ఈ మొదటి కథే చెబుతుంది.

రెండో కథ కటకంలో మొదలై బరంపురంలో తేలుతుంది. ఇంగ్లండు నుంచి జనరల్ బాప్తిస్టు సంఘంవారు పంపిన బాంప్టనూ పెగ్సూ భార్యలతో కలిసి 1822 ఫిబ్రవరిలో కటకం చేరారు. మరుసటి ఏడు బాంప్టను పూరీలో కాపురం పెట్టాడు. సంతల్లో, యాత్రల్లో, ఎండల్లో తిరిగి చెప్పాడు. ఏడాది గడిచింది, రెండు గడిచాయి, అయిదు గడిచాయి. ఈ దేశస్థుడు ఒక్కడూ వాళ్ళలో చేరలేదు. జీతమిచ్చి పంపిన ఊళ్ళో వాళ్ళు ఉత్తరాల్లో ఏమని అడిగి ఉంటారో మన బోటి గుమాస్తాలకు వేరే చెప్పనక్కరలేదు. ఏటేటా లెక్క చూపాలి, చూపడానికి సున్న తప్ప ఏమీ లేదు.

చివరకు 1827 డిసెంబరు 25న ఒకడు ముందుకు వచ్చాడు. ఎక్కడ? కటకంలో కాదు, పూరీలో కాదు, మన బరంపురంలో. ఎవరు? ఒడియా మిషను అని పేరు పెట్టుకున్న ఆ పనిలో మొట్టమొదట బాప్తిస్మం పొందినవాడు తెలుగు నేతగాడు. దొరలు అతని పేరు ‘ఎరున్’ అని రాసుకున్నారు. మన నోట అది ఎర్రన్న అయి ఉండవచ్చు. ఆ తరువాత మూడు నెలలకు, 1828 మార్చిలో, కటకంలో గంగాధర సారంగి అనే ఒడియా బ్రాహ్మణుడు చేరాడు. పుస్తకాల్లో గంగాధరుడి పేరు పెద్దగా కనిపిస్తుంది. ఆయన గొప్ప బోధకుడయ్యాడు కనుక అది న్యాయమే. అయితే మొదటివాడు మాత్రం మగ్గం మనిషి, మన భాషవాడు.

మగ్గం మనిషి అంటే ఏమిటో ఈ ఊళ్ళో వివరించనక్కరలేదు. నేత ఒక్కడి చేతిపని కాదు. నూలు చుట్టేది ఆడవాళ్ళు, కండెలు పట్టేది పిల్లలు, పడుగు సాగదీసేది వీధి వీధంతా. అప్పు ఇచ్చేవాడూ, బట్ట కొనేవాడూ, పిల్లనిచ్చేవాడూ అందరూ ఆ నాలుగు వీధుల్లోనే ఉంటారు. ఆ రోజుల్లో అటువంటి చోట ఒకడు వేరు దారి పట్టితే పడుగుకు పట్టే చెయ్యి తప్పిపోయేది. దొర కుటుంబం ఊరు మారి గుడి పెట్టింది. ఎర్రన్న ఉన్న ఊళ్ళోనే ఉండి ఊరు మారినంత పని చేశాడు. ఇద్దరిలో ఎవరి ప్రయాణం దూరమో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

మూడో కథలో ఒక ఇల్లాలి పుట్టినిల్లు మన తెలుగువాళ్ళ చరిత్రను తిప్పింది. ఏమస్ సటన్ అనే యువకుడు భార్య షార్లెట్‌తో 1825లో ఒడిశా వచ్చాడు. వచ్చిన ఆ ఏడే ఆమె పూరీలో చనిపోయింది. కాపురం పెట్టిన కొద్ది నెలలకే ఆ ఇల్లు అట్లా ముగిసింది. మరుసటి ఏడాది సటన్ ఎలిజబెత్ అనే వితంతువును పెళ్ళాడాడు. ఆమె అమెరికా మనిషి. మొదటి భర్త కోల్మనూ మిషనరీయే, బెంగాలు తీరాన మరణించాడు. ఇద్దరు దుఃఖితులు కలిసి పెట్టిన కాపురం అది. ఎలిజబెత్ పుట్టింటి దేశంతో ఉన్న ఆ పరిచయమే సటన్‌ను అమెరికా బాప్తిస్టులకు ఉత్తరాలు రాసేట్టు చేసింది. ఆయన స్వయంగా వెళ్ళి 1835లో వర్జీనియాలోని రిచ్మండులో జరిగిన వారి మహాసభలో తెలుగువాళ్ళ కోసం మాట్లాడాడు. కటకంలో ఒడియా నేర్చి ఒడియా వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషి, పక్కనున్న తెలుగువాళ్ళకూ ఎవరైనా రావాలని అడిగాడు. పొరుగువాడి భాష కోసం నోరు విప్పడం చిన్న గుణం కాదు.

ఆ మాట మీద బయలుదేరినవారే శామ్యూల్ డే దంపతులు. 1835 సెప్టెంబరులో బోస్టనులో ఓడ ఎక్కి, 1836 ఫిబ్రవరిలో కలకత్తా చేరి, విశాఖపట్నం మీదుగా శ్రీకాకుళం వచ్చారు. అప్పటి చికాకోలు మన గంజాం జిల్లాలోదే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి సరిహద్దులు మారేవరకు శ్రీకాకుళమూ బరంపురమూ ఒకే కలెక్టరు కింద ఉన్నవి. అంటే నెల్లూరూ ఒంగోలూ అని చెప్పుకునే అమెరికన్ తెలుగు మిషను మొదట కాపురముండి తెలుగు అక్షరాలు దిద్దినది గంజాం జిల్లాలోనన్నమాట. అక్కడి నుంచి వాళ్ళు 1837లో మద్రాసు వెళ్ళారు. 1840లో నెల్లూరు చేరారు. నాలుగేళ్ళలో నాలుగు ఊళ్ళు. సామాను విప్పడం, కట్టడం, మళ్ళీ విప్పడం. పిల్లలను చంకన వేసుకుని ఆ పని చేసిన రోయెన్నా డే గురించి చరిత్రలో రెండు పంక్తులు దొరికితే గొప్ప.

నెల్లూరులో 1840 సెప్టెంబరులో మొదటి బాప్తిస్మం పెన్నలో జరిగింది. 1844లో చిన్న సంఘం ఏర్పడింది. 1846లో డేగారు ఆరోగ్యం చెడి కుటుంబంతో అమెరికా వెళ్ళాడు. తిరిగి 1848లో కొత్తగా వస్తున్న జూయెట్ దంపతులతో ఓడ ఎక్కినప్పుడు భార్యనూ పిల్లలనూ అక్కడే విడిచి ఒంటరిగా వచ్చాడు. అయిదేళ్ళ తరువాత 1853లో మళ్ళీ జబ్బుతో వెనక్కు వెళ్ళాడు, ఇక రాలేదు. ఆ ఏడే అమెరికాలో పెద్దలు కూచుని “ఈ తెలుగు మిషను మూసేద్దామా?” అని చర్చించారు. పటంలో ఒంటరిగా ఉన్న ఈ స్థానాన్ని చూసి ‘ఒంటరి నక్షత్రం’ అని పేరు పెట్టారు. మూయలేదు. 1867 జనవరి 1న క్లౌ దొర ఒంగోలులో ఎనిమిది మందితో సంఘం పెట్టాడు. కరువు తరువాత 1878 జూలై 3న ఒక్క రోజున 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నాటినవాడు డే, కోసినవాడు క్లౌ. పొలం సంగతి తెలిసినవాళ్ళకు ఇది వింత కాదు. కాని విత్తినవాడి ఇంట్లో అయిదేళ్ళు తండ్రి లేని పిల్లలున్నారు. ఈ లెక్క కూడా ఆ 2222 పక్కనే రాసుకోవాలి.

నాలుగో కథ మన వాడిది. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బెంగాలీ బ్రాహ్మణ వంశంలో పుట్టారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, సంస్థానంలో మరొకటి. ఆ సీమలో పుట్టినవాడికి మూడు భాషలు అన్నప్రాశనతో వస్తాయి. 1833లో కటకం వెళ్ళి బాప్తిస్మం పొందారు. ఆ పైన యాభై ఏళ్ళకు పైగా ఈ తీరమంతా తిరిగి బోధించి, 1890లో కన్నుమూశారు. ఆయన దేనివల్ల నిలిచారు? తెలుగు కీర్తనల వల్ల. దొరలు తెచ్చిన పాటలకు దొరల వరసలుండేవి. చౌదరిగారు మన రాగాల్లో, మన తాళాల్లో రాశారు. ఈనాటికీ తెలుగు క్రైస్తవుల కీర్తనల పుస్తకంలో ఆయన పాటలున్నాయి. నెల్లూరులోనూ పాడతారు, ఖర్గపూరు రైల్వే కాలనీలోనూ పాడతారు. ఇటుకలతో కట్టిన గుడి ఒక ఊళ్ళోనే ఉంటుంది. పాట ఎక్కడికైనా మూటలో పెట్టుకుని పోవచ్చు. వలసపోయే జాతికి అంతకంటె అనువైన గుడి లేదు. ఆ మూట కట్టి ఇచ్చినవాడు గంజాం మనిషి అన్న సంగతి మన పిల్లలకు చెప్పవలసినది.

అయిదో కథ మాబోటి ఆఫీసు మనుషులకు దగ్గరగా తగులుతుంది. థామస్ గాబ్రియేలు తెల్ల దొర కాదు, తెలుగువాడు. టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగి. ఆ రోజుల్లో తంతి ఆఫీసు ఉద్యోగమంటే నెల తిరిగేసరికి జీతం, ఊళ్ళో మర్యాద, పెద్దతనానికి భరోసా. దానికి రాజీనామా ఇచ్చి కాకినాడలో తన వాళ్ళ మధ్య బోధ మొదలుపెట్టాడు. వెనుక విదేశీ సంఘం ఏదీ లేదు. తన డబ్బు, స్నేహితుల సాయం, అంతే. జనం చేరారు. జనం చేరినకొద్దీ ఖర్చూ పెరిగింది. బోధకులకు తిండి పెట్టాలి, పిల్లలకు బడి పెట్టాలి. చేతిలో సొమ్ము చాలక అప్పులు మీద పడ్డాయి. అప్పుడు కెనడా బాప్తిస్టులను సాయం అడిగాడు. 1874 మార్చిలో మెక్లారిన్ అనే మిషనరీ కుటుంబంతో కాకినాడ వచ్చి పని అందుకున్నాడు. 1875 మొదటి రోజున గాబ్రియేలు కన్నుమూశాడు. కాకినాడ మొదలుకొని బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడి వరకూ తరువాత సాగిన కెనడియన్ బాప్తిస్టుల బడులకూ ఆస్పత్రులకూ మొదటి రాయి వేసినది ఒక తంతి గుమాస్తా.

గాబ్రియేలును మెచ్చుకునేవాళ్ళు ఉద్యోగం వదలడం గొప్ప అంటారు. వదలడం గొప్పే. అయితే మేము ఆఫీసు లెక్కలకు అలవాటుపడినవాళ్ళం కనుక మరొక గొప్ప కనిపిస్తున్నది. తన శక్తి చాలదని తెలిసినప్పుడు అభిమానానికి పోక, పెట్టిన పనిని మరొకరి చేతికి అప్పగించాడు. ‘నా సంఘం’ అని పట్టుకు కూచుంటే అది ఆయనతోనే పోయేది. ఊరు మారి గుడి పెట్టేవాళ్ళలో ఈ గుణం కరువు. పెట్టినవాడి పేరు బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండి, లోపల జనం పలచనయ్యే చోట్లు మనకు తెలియనివి కావు.

ఇక భాష సంగతి. బరంపురంలో మిషను ఒడియావారి కోసం పెట్టినదే. 1837 తరువాత ఖోందుల కొండల్లో నరబలికి కొని ఉంచిన మెరియా పిల్లలను కంపెనీ అధికారులు విడిపించి, కొందరిని బరంపురం మిషను అనాథశరణాలయంలో పెంచమని ఇచ్చారు. ఆ పిల్లల తల్లి భాష వేరు, పెంచిన అమ్మల భాష ఇంగ్లీషు, బడి భాష ఒడియా, బజారులో వినబడేది సగం తెలుగు. వాళ్ళు పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, సంసారులై, కొందరు బోధకులై సంఘానికి మూలస్తంభాలయ్యారు. ఈ ఊరి గుడికి మొదటి నుంచీ నాలుగు నాలుకలున్నాయన్నమాట. అందుచేత తెలుగు ప్రార్థన వేరే ఎందుకన్న మాటకు మా జవాబు ఇది. ఒడియా రాకపోయి కాదు. మన పిల్లలకు మనకంటె బాగా వచ్చు. కాని మనిషి మొక్కుకునేటప్పుడూ, ఏడ్చేటప్పుడూ, జ్వరంలో కలవరించేటప్పుడూ పుట్టిన భాషలోనే మాట్లాడతాడు. ముసలితల్లి తన మనవడికి ముట్టేట్టుగా ప్రార్థన చేయగలిగే చోటు ఒకటి ఉంటే, ఆ ఇంట్లో తెలుగు మరొక తరం బతుకుతుంది. ఇది మతం మాట కాదు. మన సంఘం ఏ పని కోసం పుట్టిందో ఆ మాట. అట్లాగని ఒడియావారికి తలుపు మూసిన తెలుగు గుడి బరంపురంలో పెడితే అదీ మంచిది కాదు. సటన్ తెలుగువాళ్ళ కోసం నోరు విప్పినట్టు, తెలుగు గుడి ఒడియా పొరుగుకు చాప పరచాలి.

మరొక సంగతి దాటవేయడం న్యాయం కాదు. 2007 డిసెంబరులోనూ, 2008 ఆగస్టు తరువాతనూ కంధమాల్‌లో జరిగిన దౌర్జన్యాల వల్ల ఎన్నో క్రైస్తవ కుటుంబాలు కొండలు దిగి బరంపురం, కటకం, భువనేశ్వరం చేరాయి. వాళ్ళు గుడి పెట్టడానికి ఊరు మారినవాళ్ళు కాదు, గుడి కాలిపోయి ఊరు మారినవాళ్ళు. అటువంటి కుటుంబానికి ఆదివారం నాడు నలుగురు కలిసే గది ఎంత విలువైనదో లెక్కకు అందదు. అందుకే ఎవరైనా మన వీధిలో ప్రార్థనకు గది అద్దెకు అడిగితే, మతం ఏదైనా, మొహం చిట్లించేముందు ఒక నిమిషం ఆగాలి. అద్దె సరిగా ఇస్తాడా, పొరుగువారి నిద్ర చెడగొట్టకుండా ఉంటాడా, ఈ రెండూ అడగవచ్చు. అంతకుమించి అడగవలసినది లేదు.

ఇన్ని కథలు చెప్పి, రాబోయే ఆ కుటుంబానికి మా మాట ఏమిటి? సలహా అడగలేదు గదా అంటే, కాలం రాసేవాడికి అడగకుండా చెప్పే హక్కు ఎట్లాగూ ఉన్నది.

మొదటిది, ఇల్లాలిని అడగాలి. షార్లెట్, రోయెన్నా, గాబ్రియేలు భార్య, వీళ్ళ మాట నివేదికల్లో కనబడడం అరుదు. ఆదివారం ఇరవై మందికి టీ కాచేది ఎవరు? వచ్చినవాళ్ళ కష్టాలు అర్ధరాత్రి దాకా వినేది ఎవరు? ముందు గది గుడి అయితే, పిల్లలు చదువుకునే చోటు ఏది? ఈ మూడు ప్రశ్నలకూ ఆమె తన నోటితో జవాబు చెప్పి సరే అంటే సగం గుడి లేచినట్టే. ఆమె మౌనాన్ని అంగీకారమనుకుంటే కాపురమూ గుడీ రెండూ ఒరిగిపోతాయి.

రెండోది, చేతికి పని ఉంచుకోవాలి. సంఘం కానుకల మీద మొదటి రోజు నుంచే బతుకుదామనుకుంటే, వచ్చిన ప్రతి మనిషీ మనిషిలాగ గాక కానుకలాగ కనబడతాడు. కుట్టుమిషనో, కొట్లో లెక్కలో, బడిపిల్లలకు చదువు చెప్పడమో, ఏదో ఒకటి. అపొస్తలుడు పౌలు కూడా డేరాలు కుట్టాడని వాళ్ళ గ్రంథంలోనే ఉన్నది. మగ్గాల ఊరికి ఆ పోలిక బాగా అతుకుతుంది.

మూడోది, కాలం లెక్క. ఈ తీరాన దొరలకే మొదటి మనిషి దొరకడానికి దాదాపు ఆరేళ్ళు పట్టింది. నెల్లూరులో కాపురం పెట్టిన నాలుగేళ్ళకు గాని చిన్న సంఘం ఏర్పడలేదు. అందుచేత ఏడాది తిరక్కుండా పాక పందిరి కావాలి, పందిరి భవనం కావాలి అనుకోవద్దు. మొదటి ఏడు ఆదివారం అయిదుగురు కూచుంటే, ఆ అయిదుగురే మీ ఇంటివాళ్ళయినా సరే, సిగ్గుపడవలసినది లేదు.

నాలుగోది, పాత సంఘాలకు వెళ్ళి చెప్పి రావాలి. ఊళ్ళో ముందునుంచీ ఉన్న పాస్టరుగార్లను పెద్దలుగా చూసి, “అయ్యా, ఫలానా వీధిలో తెలుగు ప్రార్థన పెట్టుకుంటున్నాం” అని చెబితే మీ మర్యాద తగ్గదు. పొరుగు సంఘంలోని మనుషులను లాగి తన చాప నింపుకోవడం కొత్త గుడి కాదు, పాత గుడికి కన్నం.

మన వాళ్ళ పని ఏమిటన్నారా? గుళ్ళోకి వెళ్ళమని ఎవరూ అనడం లేదు. మంచి నీళ్ళున్న వీధిలో ఇల్లు చూపించడం, పిల్లల బడి కాగితాలు రాసిపెట్టడం, ఒడియాలో అర్జీ కావలసివస్తే సాయపడడం, పండుగనాడు రెండు అరిసెలు పంపి క్రిస్మసుకు వాళ్ళు పంపిన కేకు తినడం. మూడు వందల ఏళ్ళ కిందట మన మగ్గాలకు ఎవరో చోటు చూపినట్టే ఇది కూడాను.

చివరికి ఒక మనవి. ఈ పత్రిక చదివే ఇళ్ళలో కొన్నిటికి క్రైస్తవ శాఖలున్నాయి. తాతల నాటి కీర్తనల పుస్తకం, వెనుక అట్ట మీద పుట్టిన తేదీలు రాసిన బైబిలు, వివాహపు కాగితం, ఎవరో దొరసాని ఇచ్చిన బడి యోగ్యతాపత్రం, ఇటువంటివి పెట్టె అడుగున ఉంటాయి. చెదలు పట్టకముందే బయటికి తీసి, ఎవరు ఏ ఊరి నుంచి ఏ ఏడు వచ్చారో, మొదటి ప్రార్థన ఎవరి ఇంట్లో జరిగిందో, ఆ రోజు వంట ఎవరు చేశారో ఇంట్లో పెద్దలను అడిగి రాసి పెట్టండి. గుడి పెట్టినవాడి పేరు ఎవరో ఒకరు రాస్తారు. వంట చేసినావిడ పేరు మనం రాయకపోతే ఎవరూ రాయరు.